సభలో ఎత్తిన మాట ఎవరిది?

1996 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగును మిగతా దేశంతో పాటు జరపలేక వాయిదా వేశారు. ఆ నిలబడ్డవాళ్లలో చాలామందికి ఢిల్లీకి పోవాలన్న ఆశ లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ వచ్చి, వంగిన కాళ్లతో, తిరగని మెడలతో బతుకుతున్న ఊళ్ల మనుషులు వాళ్లు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపు మీద నామినేషన్లు వేశారు. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. 477 మందికి డిపాజిట్లు పోయాయి.

దానికి దేశం ఇచ్చిన జవాబు రెండు రకాలుగా ఉంది. నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా తెలిసింది, అది ఒక జవాబు. రెండోది చట్టం ఇచ్చిన జవాబు. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇప్పుడది 25,000. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. నల్లగొండ ఒక్కటే కారణం అనలేం. తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి ఆ ఏడాదే వెయ్యి మందికి పైగా నిలబడ్డారు, అక్కడ కూడా రైతుల గోసే. కానీ ఆ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంతమంది ఎందుకు నిలబడ్డారని అడగాల్సిన చోట, ఇంతమంది నిలబడకుండా ఏం చేయాలని అడిగారు. నీళ్లు మాత్రం మిషన్ భగీరథ పైపులు వచ్చేదాకా, అంటే దాదాపు ఇంకో ఇరవై ఏళ్లు, ఆగాయి. ఒక తరం పిల్లల ఎముకలు ఆ ఇరవై ఏళ్లలోనే గట్టిపడ్డాయి.

నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న ఇక్కడే ఉంది. మన తరఫున మాట్లాడమని ఒకరిని పంపుతాం. ఆయన మాట్లాడినప్పుడు ఆ మాట ఎవరిది? ఆయనదా, మనదా? మాట్లాడితే ఆయన బాధ్యత తీరినట్టేనా? మాట్లాడకపోతే మనం ఏం చేయాలి? ఇది రాజకీయాల సంగతి, మనకెందుకు అని తండాల్లో బడి చెప్పే మిత్రులు అంటుంటారు. నాకు మాత్రం ఇది నీతికి సంబంధించిన ప్రశ్నగానే కనిపిస్తుంది. ఎందుకంటే దీని అడుగున ఉన్నది అప్పు. ఒకరి మాటను ఇంకొకరు తీసుకుపోవడం అంటే అప్పు తీసుకోవడమే.

సభలో మాట ఎట్లా నడుస్తుందో మన యువకుల్లో చాలామందికి తెలియదు, అందుకే కొంచెం చెప్తాను. ఉదయం ప్రశ్నోత్తరాల గంట ఉంటుంది. సభ్యుడు ముందుగానే రాసి ఇచ్చిన ప్రశ్నకు మంత్రి జవాబు చదువుతారు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు నోటితో జవాబు వస్తుంది, దాని మీద సభ్యుడు మళ్లీ అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. ఆ గుర్తు లేనిదానికి కాగితం మీదనే జవాబు. గంట అయిపోతే మిగిలిన ప్రశ్నలకు జవాబు సభ ముందు పెట్టినట్టే లెక్క. తర్వాత జీరో అవర్. అందులో ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషాలు. మా నియోజకవర్గంలో ఫలానా తండాకు రోడ్డు లేదు, ఫలానా ఆశ్రమ పాఠశాలకు ప్రహరీ లేదు, ఫలానా చోట డాక్టరు లేడు అని అధ్యక్షుల వారికి చెప్పుకుంటారు. మంత్రి లేచి “నోట్ చేసుకున్నాం” అంటారు. తర్వాతి సభ్యుడి పేరు పిలుస్తారు.

మరునాడు పేపరు జిల్లా పేజీలో వార్త వస్తుంది: సమస్యను సభలో ప్రస్తావించిన ఎమ్మెల్యే. ఆ ముక్కను ఫోనులో అందరూ పంపుకుంటారు. ప్రస్తావించడం అనేది ఒక పని అయిపోయినట్టు, పండుగ వచ్చినట్టు. ప్రస్తావన అంటే మొదలుపెట్టడమని కదా అర్థం. నాటకంలో ప్రస్తావన అయ్యాక తెర దించేస్తే టికెట్టు కొన్నవాడు ఊరుకుంటాడా?

మన తండాలో ఈ విషయంలో ఒక పద్ధతి ఉంది, ఉండేది. పక్క తండాకు సంబంధం మాట్లాడటానికో, మేకలు చేను మేసిన తగువు తీర్చడానికో నలుగురిని పంపితే, వాళ్లు తిరిగి వచ్చి నసాబు ముందు కూర్చొని చెప్పాలి. మేం ఇట్లా అన్నాం, వాళ్లు ఇట్లా అన్నారు, ఈ మాట దగ్గర తెగలేదు అని. నాయక్ వింటాడు, కార్‌బారి వింటాడు, చుట్టూ ఉన్నవాళ్లు మధ్యలో అడ్డం పడి అడుగుతారు. అక్కడిదాకా వస్తేనే పోయినవాళ్ల పని అయినట్టు. పోవడం సగం, తిరిగి చెప్పడం సగం. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్న అర్థం వచ్చేలా చెప్పినప్పుడు ఆయన మనసులో ఇటువంటి పద్ధతులే ఉండి ఉంటాయి.

అయితే నసాబును బంగారంలా చూపించడం నాకు ఇష్టం లేదు. అందులో ఆడవాళ్లు కూర్చునేది లేదు. తన పెళ్లి గురించో, తన మొగుడి తాగుడు గురించో తేల్చే చోట ఆమె దూరంగా గడపలో నిలబడి వినాల్సి వచ్చేది. ఆమె మాటను అన్నో, తమ్ముడో ఎత్తాలి. అంటే మన దగ్గర కూడా ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడటం ఉంది, ఆ మాటలో నుంచి సగం జారిపోవడమూ ఉంది. అసెంబ్లీని నిలదీసే ముందు మన గడప కూడా చూసుకుందాం.

ఇంగ్లండులో 1774లో ఎడ్మండ్ బర్క్ అనే ఆయన బ్రిస్టల్ నుంచి పార్లమెంటుకు గెలిచాడు. ప్రతినిధి అంటే జనం చెప్పింది మోసే వాడు కాదు, తన బుద్ధితో అందరి మేలు ఆలోచించేవాడు అని ఓటర్ల ముఖం మీదే చెప్పాడు. రాజనీతి పుస్తకాల్లో అది గొప్ప మాట. ఆరేళ్లకు బ్రిస్టల్ వాళ్లు ఆయనను వద్దనుకున్నారన్నది పుస్తకాల్లో కొంచెం చిన్న అక్షరాల్లో ఉంటుంది. బర్క్ వాదనలో నిజం లేకపోలేదు. ప్రతి తండా తన బోరు గురించే కొట్లాడితే కృష్ణా నీళ్ల గురించి ఎవరు ఆలోచించాలి? కానీ ఆ వాదన బలిసిన ఊళ్లకు సరిపోయింది. వాళ్ల మాట ఏ దారిలోనైనా సభకు చేరుతుంది. అడవి అంచున ఉన్న పెంటకు ఉన్నది ఒక్కటే నోరు, అది కూడా అద్దెది. ఆ నోరు తన సొంత బుద్ధితో మాట్లాడితే పెంటకు ఇంక నోరే లేదు.

లెక్క చూద్దాం. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలు. ఎస్టీలకు 12. ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్, ములుగు, మహబూబాబాద్, డోర్నకల్, భద్రాచలం, పినపాక, ఇల్లందు, అశ్వారావుపేట, వైరా. పన్నెండోది దేవరకొండ. పాత నల్లగొండలో 12, పాత మహబూబ్‌నగర్‌లో 14, మొత్తం 26 స్థానాలుంటే అందులో గిరిజనులకు ఆ ఒక్కటే. లంబాడీలను తెలంగాణలో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1976 చట్టం. దాని తర్వాత దేవరకొండ నుంచి మన మనిషి సభకు పోతున్నాడు. కొడంగల్, జడ్చర్ల, కల్వకుర్తి, నారాయణపేట, నాగార్జునసాగర్, మిర్యాలగూడ తండాల వాళ్లు జనరల్ స్థానాల్లో ఓటు వేస్తారు. దేవరకొండ సభ్యుడు కూడా లంబాడీల ఓట్లతోనే గెలవడు, అన్ని కులాల ఓట్లూ కావాలి. 1932 పూనా ఒప్పందం తర్వాత మనకు స్థిరపడిన పద్ధతి అది. సీటు మనది, ఓటు అందరిది. అందుకని ఆయన మన బాధను చెప్పేటప్పుడు కూడా మిగతావాళ్లకు కోపం రాని విధంగా చెప్పాలి. ఇది ఆ మనిషి పిరికితనం అనుకోవద్దు. సీటు తయారైన తీరే అంత.

ఇక అమ్రాబాద్ సంగతి వేరు. అచ్చంపేట నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు. అమ్రాబాద్, పదర, లింగాల మండలాలు అందులోనే ఉన్నాయి. మన్ననూరులో ఐటీడీఏ, పైన పులుల అభయారణ్యం, మధ్యలో చెంచు పెంటలు. ఆ పీఠభూమి ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతం. చెంచులు 1975 నుంచి ప్రభుత్వ లెక్కలో అతి వెనుకబడిన ఆదిమ తెగ. అంత గుర్తింపు ఉన్న ఆ మనిషి తను పుట్టిన చోట ఎమ్మెల్యేగా పోటీ చేయలేడు. ఎస్సీ సీటులో ఎస్టీ నామినేషన్ చెల్లదు. కొల్లాపూర్‌కో దేవరకొండకో పోయి, తనను ఎరగని జనం ముందు నిలబడాలి. ఇందులో దళితుల తప్పేం లేదు, వాళ్ల సీటు వాళ్ల హక్కు. రెండు హక్కులూ న్యాయమైనవే, వాటిని ఒకే పటం మీద గీసిన చేయి పెంటను చూడలేదు.

చెంచు కాని మనిషి చెంచు మాట ఎత్తలేడా? ఎత్తగలడు, ఎత్తాడు కూడా. నల్లమలలో యురేనియం కోసం బోర్లు వేయాలని 2019లో అణు ఖనిజాల సంస్థ ముందుకు వచ్చినప్పుడు అమ్రాబాద్, పదర ఊళ్లు లేచాయి. బందులు చేశారు, రాత్రిపూట కాపలా కాశారు. రచయితలు, విద్యార్థులు, సినిమావాళ్లు గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. దాన్ని ప్రవేశపెట్టిన మంత్రి కేటీఆర్ సిరిసిల్ల సభ్యుడు, నల్లమలతో ఓటు సంబంధం లేదు. మాట వీధిలో పుట్టి సభకు పోయింది. ఎవరి నోటి నుంచి వచ్చిందన్నదాని కన్నా ఎక్కడ పుట్టిందన్నది ముఖ్యమని అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అయినా దాని గురించి సంతోషపడి ఊరుకోలేం. యురేనియం మాట ఎందుకు అంత తొందరగా సభకు చేరింది? కృష్ణా నీళ్లు కలుషితమైతే హైదరాబాదు తాగాలి. అంతకు ముందు, 2003లో, పెద్దగట్టు, లంబాపురం దగ్గర యురేనియం గనుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నాగార్జునసాగర్ ఒడ్డున ఉన్న మన తండాలు అవి. అప్పుడు కూడా నగరానికి చెవిన పడ్డది సాగర్ నీళ్ల మాటే. మన బాధ పెద్దవాళ్ల దాహం భుజం మీద ఎక్కినప్పుడు వేగంగా పోతుంది. ఒంటరిగా నడిచినప్పుడు జీరో అవర్‌లో రెండు నిమిషాలు.

అభయారణ్యం మధ్యలో ఉన్న సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్లను బయటికి తరలించే మాట ఏళ్లుగా నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షలు, లేదంటే భూమి, ఇల్లు అంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ స్వేచ్ఛగా ఒప్పుకోవాలి, ఆ తర్వాతనే తరలింపు. ఆ ఒప్పుకోలు ఎట్లా తీసుకుంటున్నారు? తేనె, జిగురు, చింతపండు దొరికే అడవిని వదిలి పోయినవాడికి డబ్బు అయిపోయాక ఏ పని ఉంటుంది? ఈ ప్రశ్నలకు హైదరాబాదు దాహంతో సంబంధం లేదు. అందుకే వీటి మీద తీర్మానం రాదు. పులి పేరు చెప్తే సభ వింటుంది, యురేనియం అంటే వింటుంది. చెంచు అన్న పేరు ఆ రెండు మాటల మధ్య విశేషణంలాగా వచ్చిపోతుంది.

ఇక్కడ మన లంబాడీలం కూడా ఒక మాట వినాలి. పెద్ద కులాలను మనం ఏం అడుగుతున్నామో, చెంచులు మనల్ని అదే అడగొచ్చు. ఎస్టీ అన్న రెండక్షరాల కింద ఇద్దరం ఉన్నాం. ఉద్యోగం వచ్చినా, సీటు వచ్చినా, హాస్టల్ వచ్చినా ముందు అందుకునేది మనమే. దక్షిణ తెలంగాణకు ఉన్న ఒక్క ఎస్టీ సభ్యుడు తను తండాలకే సభ్యుడా, పెంటలకు కూడానా? చట్టం ప్రకారం తన నియోజకవర్గానికే. కానీ ఆ కుర్చీకి ఎస్టీ అన్న పేరు పెట్టి ఇచ్చినప్పుడు నియోజకవర్గం గీత దగ్గర బాధ్యత ఆగదని నా అభిప్రాయం.

ఇంకో రకం మాట ఉంది, అన్నిటికన్నా కష్టమైనది. మన పరువు పోయే మాట. ఇరవై అయిదేళ్ల కింద దేవరకొండ, చందంపేట తండాల పేరు ఇంగ్లీషు పేపర్లలో కూడా వచ్చింది. ఆడపిల్లలను అమ్ముకుంటున్నారని. ఆ పిల్లలు హైదరాబాదు దత్తత కేంద్రాల్లో తేలారు. అప్పుడు రెండు రకాల మనుషులు తప్పు చేశారు. బయటివాళ్లు మన రక్తంలోనే ఆ గుణం ఉన్నట్టు రాశారు. లోపలివాళ్లు బయటికి చెప్పొద్దని నోరు మూశారు. ఓటు అడగాల్సిన మనిషి మూసిన నోళ్ల వైపే ఉంటాడు. తండాలో కూర్చొని తండా తప్పును సభలో ఎవరు చెప్తారు?

చెప్పాలి. చెప్పే విధం ఉంది. మన పెద్దల కాలంలో పెళ్లికి ఓలి ఇచ్చేవాళ్లు. పిల్లాడి ఇంటివాళ్లు ఎడ్లూ రూపాయలూ పిల్ల తండ్రికి ఇచ్చి పెళ్లి చేసుకున్నారు. ఆడపిల్ల పుట్టడం నష్టం కాదు. తర్వాత భూమి ఉన్న కులాలను చూసి కట్నం వచ్చింది. దాంతోపాటు బోర్లు ఎండాయి, కరువు వచ్చింది, ముంబై, పూణె వలసలు వచ్చాయి. మూడో ఆడపిల్ల పుట్టేసరికి ఆ తల్లి ముందు కట్నం లెక్క, నీళ్లు లేని రెండెకరాలు, మధ్యవర్తి చేతిలో నోట్లు. ఇది చెప్తే తండా పరువు పోదు. కట్నం ఎక్కడి నుంచి వచ్చిందో, బోరు ఎందుకు ఎండిందో, డిండి కాలవ ఏళ్లకేళ్లు ఎందుకు నడిచిందో అందరికీ చెప్పాల్సి వస్తుంది, ప్రభుత్వానికి కూడా జవాబు చెప్పాల్సిన పని పడుతుంది. కారణాలు లేకుండా నేరం చెప్పేవాడు మనల్ని అవమానించినట్టు. నేరం దాచి కారణాలు మాత్రమే చెప్పేవాడు ఆ పిల్లను రెండోసారి అమ్మినట్టు. ప్రతినిధికి ఈ రెండింటి మధ్య నడవడమే పని, అది సభలో లేచి రోడ్డు అడగడం కన్నా చాలా కష్టం.

ఇప్పుడు లగచర్ల గురించి. పాత మహబూబ్‌నగర్‌లో భాగమైన కొడంగల్ ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉంది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారి సొంత నియోజకవర్గం. అక్కడ ఫార్మా పరిశ్రమల కోసం భూమి తీసుకోవాలనుకున్నారు. ఆ భూముల్లో తండాల వాళ్లవి కూడా ఉన్నాయి. 2024 నవంబరు 11న ప్రజాభిప్రాయం కోసం పోయిన కలెక్టరు మీద, అధికారుల మీద దాడి జరిగింది. రాత్రికి రాత్రి అరెస్టులు జరిగాయి. ఆ నెలాఖరులో ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు, ఆ వెంటనే పారిశ్రామిక పార్కు అని ఇంకోటి వచ్చింది. డిసెంబరులో సంగారెడ్డి జైలులో ఉన్న ఒక లంబాడీ రైతుకు గుండెనొప్పి వస్తే, బేడీలతోనే ఆస్పత్రికి తెచ్చారు. ఆ ఫొటో అందరం చూశాం.

ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ తండా వాళ్ల ఎమ్మెల్యే ఎవరు? ముఖ్యమంత్రి. భూమి తీసుకునేది ఎవరు? ప్రభుత్వం. మంత్రి సభలో మంత్రిని ప్రశ్న అడగరు. ప్రశ్న అడగాల్సిన నోరూ జవాబు చెప్పాల్సిన నోరూ ఒకటే అయినప్పుడు ఆ ఊరికి సభలో మనిషి ఉన్నట్టా, లేనట్టా? ముఖ్యమంత్రి నియోజకవర్గం అంటే నిధులు వస్తాయని అందరూ సంబరపడతారు. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అప్పుడు ప్రతిపక్షం ఎత్తుకుంది. బీఆర్ఎస్ సభ్యులు నల్ల చొక్కాలు వేసుకొని, చేతులకు బేడీలు తగిలించుకొని శాసనసభకు వచ్చారు. వాళ్లు ప్రభుత్వంలో ఉన్న 2017లో ఖమ్మం మిర్చి రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు, అది కూడా మనం మర్చిపోలేదు. మరి వాళ్ల మాటను తీసుకోవాలా, తిప్పికొట్టాలా?

మా టీచర్ల గదిలో ఈ మాట మీద చాలాసేపు గొడవ పడ్డాం. మనసు శుభ్రంగా లేనివాడి సాయం వద్దు అన్నవాళ్లు ఉన్నారు. నేను దానికి ఒప్పుకోను. బావిలో పడ్డవాడు తాడు వేసినవాడి ఉద్దేశం అడగడు. సభలో ఆ మాట రాకపోతే బేడీల సంగతి ఇంకా అణిగిపోయేది. ఎవరి లాభం కోసం ఎత్తినా మాట సభ రికార్డుల్లోకి పోతుంది, అక్కడ ఉంటుంది. కానీ తాడు పట్టుకొని పైకి వచ్చినవాడు తాడు వేసినవాడికి జీవితాంతం కూలి చేయాలా? అది కుదరదు. ఒక గంట బేడీలు పెట్టుకున్న చేయి సాయంత్రానికి ఖాళీ అయింది. తండా రైతు చేయి అట్లా కాదు. మన బాధను వాళ్లు వాడుకుంటారు, మనం వాళ్ల గొంతును వాడుకుందాం, ఇద్దరి లెక్కా ఇద్దరికీ తెలిసి ఉండాలి. బాధను అద్దెకు ఇచ్చామే గాని అమ్మలేదన్నది వాళ్లకు గుర్తు చేయాల్సింది మనమే.

ఎత్తిన మాట సభలో గెలిచినా అక్కడితో పని తీరదు. గిరిజనుల రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెంచే బిల్లును 2017 ఏప్రిల్‌లో శాసనసభ, మండలి ఆమోదించాయి. అది ఢిల్లీకి పోయి అక్కడే పడుకుంది. అయిదేళ్లు పోయాక, 2022 సెప్టెంబరులో, రాష్ట్రం జీవో 33తో అమలు చేసింది. ఆ అయిదేళ్లలో డిగ్రీ అయిపోయి వయసు మీరిన పిల్లల పేర్లు ఎవరి దగ్గరా లేవు. తండాలకు సొంత పంచాయతీ కావాలన్న మాట ఇంకా పాతది. ‘మా తండాలో మా రాజ్యం’ అని ఎన్ని పాదయాత్రలు జరిగాయో. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 1,177 తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. దానితో మన దగ్గరే, మన తండాలోనే, ప్రతినిధులు పుట్టారు. ఇప్పుడు నేను ఎమ్మెల్యేను అడుగుతున్న ప్రశ్నలన్నీ మన సర్పంచును కూడా అడగాలి. మండల సమావేశంలో ఏం చెప్పావు, ఏం జవాబు వచ్చింది, గ్రామసభలో ఎందుకు చెప్పలేదు? చాలాచోట్ల గ్రామసభ అంటే సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరగడం. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు అయిపోయాక స్పెషల్ ఆఫీసర్ల కింద ఆ పుస్తకం కూడా తిరగలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు, చదువుకున్న పిల్లలకు ఒక పని చెప్తాను. పెద్దదేం కాదు. శాసనసభలో మాట్లాడిన ప్రతి మాటా రికార్డులో అచ్చవుతుంది. మంత్రి సభలో ఇచ్చిన హామీలు అమలయ్యాయా లేదా చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది, దాని పేరు మన తండాల్లో వినలేదు. మీ తండా పేరు సభలో ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎత్తారు, ఏ మంత్రి ఏం చెప్పారు, అది ఒక నోటు పుస్తకంలో తేదీతో రాయండి. పక్కన ఒక గడి ఖాళీ వదలండి. ఆరు నెలలకు, ఏడాదికి, అక్కడ ఏం జరిగిందో రాయాలి. ఏమీ జరగకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగొచ్చు. ఎమ్మెల్యే తండాకు వచ్చిన రోజు ఆ పుస్తకాన్ని నసాబు ముందు, ఈసారి ఆడవాళ్లు కూడా కూర్చున్న నసాబు ముందు, చదివి వినిపించండి. అరవక్కరలేదు. ఆ ఖాళీ గడి చాలు.

అమ్రాబాద్ పెంటల నోటు పుస్తకంలో ఇంకో ప్రశ్న కూడా రాసుకోవాలి. 2026 తర్వాత జరిగే జనగణన లెక్కలతో నియోజకవర్గాల గీతలు మళ్లీ గీస్తారు. గిరిజనుల శాతం అన్నిటికన్నా ఎక్కువ ఉన్న చోటుకే ఎస్టీ సీటు పోవాలని చట్టం. పెంటకు పదిళ్లు, ఇరవై ఇళ్లు ఉండే చెంచులు ఆ శాతంలో ఏ నాటికీ నిలవరు. అంటే గీత ఎన్నిసార్లు మారినా వాళ్ల చోట వాళ్లకు సీటు రాదు. ఆ గీత గీసే కమిషన్ జిల్లాలకు వచ్చి అభిప్రాయాలు అడుగుతుంది. ఆ రోజు మన్ననూరు నుంచి ఎవరు పోతారు, వాళ్ల బస్సు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, దేవరకొండ నుంచి వాళ్ల వెంట ఎంతమందిమి నడుస్తాం?